రెండో వైపు మొదటి అరనిమిషం

ఆ రికార్డు రెండో వైపు మొదటి పాటలో అరనిమిషం దాకా బేస్ రాదు. సూది దిగగానే కాసేపు చిటపట. తర్వాత సింథసైజర్ మీద సన్నటి స్వరాలు, ఖాళీ గాజు గ్లాసుల్ని చెంచాతో తట్టినట్టు, నాలుగుసార్లు తిరిగి తిరిగి వస్తాయి. ఐదోసారి మొదలయ్యేటప్పుడు కింద నుంచి బేస్ మోత లేచి గది నిండిపోతుంది. అప్పుడు గానీ పాడేవాడు నోరు తెరవడు.

ఆ అరనిమిషాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. పాట కోసం విన్నవి కొన్నే. మిగతా అన్నిసార్లూ మా పాప వీపు చూస్తూ విన్నాను.

పాప పుట్టక ముందు ఆ పాటలు నావి. దువ్వాడలో కాలేజీ చదివే రోజుల్లో హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఫోన్‌లో ఉండేవి. ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఒకటి నా చెవిలో. మా అమ్మానాన్నలకి పెళ్ళి కూడా కాకముందు, ఏదో చలిదేశంలో ఇద్దరు మనుషులు నాలుగు మిషన్లు ముందు పెట్టుకుని చేసిన ఆల్బమ్ అది. డ్రమ్ముల చప్పుడు కూడా మిషనే చేస్తుంది. పాడేవాడి గొంతులో ఏడుపు వినపడదు, మాటల్లో మాత్రం ఉంటుంది. నాది ఎలక్ట్రానిక్స్. పరీక్షకి తరంగాల బొమ్మలు గీస్తూ, ఈ గుండ్రంగా ఉన్నది మన పాటలో బేస్, ఈ రంపపు పళ్ళలా ఉన్నది అందులో వచ్చే సన్నటి కూత అని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. తక్కువ ఫ్రీక్వెన్సీ, ఎక్కువ ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రికార్డు దొరికింది పెళ్ళయిన కొత్తలో. పాత ఊళ్ళో హార్బర్ వైపు, ఓడల్లోంచి దింపేసిన పాత సామాన్లు అమ్మే షాపుకి గోడ గడియారం కోసం వెళ్ళాం. తాళ్ళు, లైటు బుడ్లు, పింగాణీ ప్లేట్లు, లైఫ్ జాకెట్ల మధ్య ఒక అట్టపెట్టె నిండా రికార్డులు. ఏ నావికుడివో. తడిసి, ఆరి, ఉబ్బిన అట్టల్లో మూడోదో నాలుగోదో నాది. ఫోన్‌లో గోరంత బొమ్మగా చూసిన కవర్ చేతుల్లో పళ్ళెమంత ఉంది. మూల ఎలుక కొరికింది. వెనకాల నీలం సిరాతో ఎవరో నాకు రాని లిపిలో రెండు వరుసలు రాశారు. గడియారం వదిలేసి అదీ, దానితోపాటు మూత లేని ప్లేయర్ ఒకటీ తెచ్చుకున్నాం. మావయ్యగారు చూసి, గడియారానికెళ్ళి పళ్ళెం తెచ్చేరేటి అన్నారు.

ప్లేయర్‌కి యాంప్లిఫయరూ స్పీకర్ బాక్సూ కావాలి కదా. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర, మా ఆయన బావ అని పిలిచే సౌండ్ మెకానిక్ ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, అందరికీ బావే. అతను సబ్బవరం వైపు ఒక చర్చికి ఒక పెద్ద చెక్క బాక్సు చేసి ఇచ్చాడు. పాస్టర్ గారు రెండు ఆదివారాలు చూసి, ప్రసంగం వినబడటం లేదు, విశ్వాసుల గుండెలు అదురుతున్నాయి, తీసుకుపో బాబూ అన్నారట. అది మా ఇంటికొచ్చింది. బావ దాన్ని గోడవారన బిగించి, బేస్ నాబ్ కుడివైపుకి తిప్పి, మా ఆయన చెయ్యి పట్టుకుని చెక్క మీద పెట్టాడు.

"సెవితో కాదు బావా, సేత్తో ఇను. అదీ మన బాక్సంటే."

అప్పుడందరం నవ్వాం.

పాపకి ఏడాది దాటాక ఒక సాయంత్రం రెండో వైపు వేశాను. నేల మీద గిన్నె మూతలతో ఆడుకుంటున్నది లేచి, తప్పటడుగులు వేసుకుంటూ బాక్సు దగ్గరికి వెళ్ళి, రెండు అరచేతులూ చెక్కకి ఆనించి, మోకాళ్ళు వంచి వంచి ఊగడం మొదలుపెట్టింది. నోరంతా నవ్వు. నేను ఫోన్ తీసి వీడియో తీశాను. మా ఇంటి గ్రూపులో పెట్టాను, మా అమ్మవాళ్ళ గ్రూపులో పెట్టాను, కాలేజీ స్నేహితురాలికి పంపాను. నీ కూతురనిపించుకుందే అని తను రాసింది. ఆ మాటకి వారం రోజులు పొంగిపోయాను. చర్చిలో ఆడవాళ్ళు నా ఫోన్ చుట్టూ చేరి చూసి, క్వాయర్‌లోకి ఒకర్తె వచ్చేసింది అన్నారు.

నాకు నేనే చేసుకున్న మొదటి చేటు ఆ వీడియో.

ఎందుకంటే ఏడాదిన్నర వచ్చినా పాప అమ్మ అనలేదు. పేరు పెట్టి పిలిస్తే చూడదు. ఒకసారి చూస్తుంది, పదిసార్లు చూడదు. నేను వంటింట్లోంచి పిలుస్తాను, రాదు. ఎదురుగా వెళ్ళి చెయ్యి ఊపితే పరుగెత్తుకొస్తుంది. మొదట నేనే సర్దిచెప్పుకున్నాను, ఆటలో పడితే పిల్లలింతే అని. తర్వాత ఒక మధ్యాహ్నం పాప నిద్రపోతుండగా నా చేతిలోంచి స్టీలు డబ్బా జారి పక్కనే పడింది. ప్లాంట్‌లో రాత్రి సి షిఫ్ట్ చేసొచ్చి పక్క గదిలో తలుపేసుకుని పడుకున్న మా ఆయన లేచి వచ్చారు. పాప కదలలేదు.

ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. ఎవరికి చెప్పినా ఒకటే సమాధానం, ఆ వీడియో. చెవుడున్న పిల్ల పాటకి ఆడుతుందా?

ముందు అత్తయ్య పరీక్ష చేశారు. పాప వెనకాల కూర్చుని పళ్ళెం మీద గరిటెతో టంగుమని కొట్టారు. పాప తిరిగింది. చూశావా అన్నారు. ఎదురుగా అద్దాల బీరువా ఉందని, అందులో ఆవిడ చెయ్యి లేవడం పాపకి కనిపించిందని నేనన్నాను. బీరువాకి దుప్పటి కప్పి మళ్ళీ కొట్టమన్నాను. పిల్లకి లేని రోగం అంటగట్టకమ్మా అని ఆవిడ గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. పాపను చూసే పిల్లల డాక్టరు గారు కూడా ఫోన్‌లో వీడియో చూసి, బాగానే రెస్పాండ్ అవుతోంది, రెండేళ్ళు రానివ్వండి అన్నారు. మా ఆయన మూడేళ్ళకి గానీ మాట్లాడలేదట, అదొక సాక్ష్యం. ప్రార్థన చేయిద్దాం అని ఒకరు. తల్లి ఎప్పుడూ ఫోన్ చూసుకుంటే పిల్లకి మాటలెలా వస్తాయి అని ఇంకొకరు. నేను ఫోన్‌లో చూసేదంతా పిల్లలకి మాటలు రాకపోవడం గురించే అని ఆవిడకెలా చెప్పను.

అందరికంటే గట్టిగా అడ్డం పడింది మావయ్యగారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో రోలింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యారు. ఆ మిల్లు ఆయన చెవుల్ని సగం ఉంచుకుని మనిషిని ఇంటికి పంపింది. టీవీ వీధి చివరికి వినపడాలి. మా ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం. నేను కాపురానికొచ్చిన మొదటి నెల, వీళ్ళందరికీ నా మీద కోపమేమో అనుకున్నాను. తర్వాత నేనూ అరవడం నేర్చుకున్నాను. అలాంటి ఇంట్లో, అరిస్తే పలికే పిల్లకి, నెమ్మదిగా పిలిస్తే వినపడదన్న సంగతి ఎవరికి తెలుస్తుంది? నెమ్మదిగా పిలిచేవాళ్ళే లేరు.

రిటైరయ్యేటప్పుడు ఆయనకి చెవి మిషన్ ఒకటి డబ్బాలో పెట్టి ఇచ్చారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆ డబ్బా ఇప్పటికీ బీరువాలో బైబిల్ పక్కన ఉంది. పరీక్ష మాట నేను ఎత్తినప్పుడు ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నా మనవరాలికి సెవుడేటి? రేపు మిషనెట్టమంటారు. ఆడపిల్లకి సెవిలో మిషనేటి? నానే ఎట్టుకోలేదు."

మా ఆయన ఏమంటారా అని చూశాను. ఆయన నాన్న వైపు చూసి, నా వైపు చూసి, షిఫ్టుకి టైమవుతోందన్నారు. ఆ వారమంతా నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయనకి తెలిసిందో లేదో కూడా నాకు తెలీదు.

ఇక నాకు మిగిలింది ఆ రికార్డే. రోజూ సాయంత్రం వేసేదాన్ని. మా ఇంట్లో అంతా సంతోషించారు, కోడలు మళ్ళీ పాటల్లో పడింది, బెంగ తగ్గిందని. నేను మాత్రం సోఫా అంచున కూర్చుని పాప వీపు చూసేదాన్ని. చిటపట. కదలదు. గాజు గ్లాసుల స్వరాలు, ఒకసారి, రెండుసార్లు, మూడు, నాలుగు. కదలదు. బేస్ లేస్తుంది. మూతలు వదిలేసి లేచి బాక్సు దగ్గరికి వెళుతుంది.

ప్రతిసారీ అంతే. ఒక్కసారి కూడా ముందు లేవలేదు. రోజూ వింటున్న పాట కదా, ఆ గ్లాసుల చప్పుడు రాగానే నాదొచ్చింది అని పరుగెత్తాలి కదా. ఎనిమిది రోజులో తొమ్మిది రోజులో అయ్యాక నాకు తట్టింది. తట్టడానికి అన్ని రోజులు పట్టింది. రంపపు పళ్ళ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నా పిల్ల అరికాళ్ళతో వింటోందని తెలుసుకోవడానికి తొమ్మిది రోజులు.

మర్నాడు శనివారం. మా ఆయనకి ఆఫ్. అత్తయ్య చిక్కుళ్ళు వలుస్తున్నారు. మావయ్యగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు, బాక్సుకి నాలుగడుగుల దూరంలో. నేను అందరినీ చూడమన్నాను. రికార్డు మీద నల్లధూళి తుడిచాను. స్టీల్ ప్లాంట్ ఉన్న ఈ ఊళ్ళో అది తుడిచిన గంటకి మళ్ళీ వస్తుంది, అందుకే నా రికార్డు ఎంత తుడిచినా చిటపటలాడుతుంది. మొదటి వైపు పెట్టాను. ఆ పాట మొదలే బేస్‌తో. పాప లేచి వెళ్ళి చేతులు ఆనించి ఊగుతోంది. అత్తయ్య నా వైపు చూశారు, ఇంకేం కావాలన్నట్టు.

అప్పుడు బేస్ నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పేశాను. సన్నటి శబ్దాలు పెంచే రెండో నాబ్ పూర్తిగా కుడికి. పాట ఆగలేదు. సన్నటి స్వరాలు, పాడేవాడి గొంతు, డ్రమ్ మిషన్ చిటికెలు, అన్నీ చెవులు కోసేంత గట్టిగా వస్తున్నాయి. మా ఆయన మొహం చిట్లించారు.

పాప ఊగడం ఆపింది. చెక్క మీద చేతులు తీసి, చూసుకుని, మళ్ళీ పెట్టింది. ఇంకోచోట పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, ఎందుకు ఆపావన్నట్టు మొహం పెట్టి, బాక్సుని ఠపఠపా కొట్టింది.

పాట వస్తూనే ఉంది. కిటికీ పక్క నుంచి మావయ్యగారు అన్నారు, "పాటెందుకాపీసినావమ్మా? పిల్ల ఆడుకుంటంది కదా."

నేను ఆయన వైపు చూశాను. అందరం చూశాం. ఆయన ముందు మా మొహాలు చూశారు, తర్వాత ప్లేయర్ వైపు. మూత లేదు కాబట్టి తిరుగుతున్న రికార్డు అక్కడ నుంచి బాగానే కనిపిస్తుంది. సూది దాని మీదే ఉంది. ఆయన లేచి వచ్చి, వంగి, స్పీకర్ గుడ్డకి చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు ఉన్నారు.

"వస్తందా?" అన్నారు అత్తయ్యతో.

"గట్టిగా వస్తంది," అన్నారు అత్తయ్య. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

మావయ్యగారు పాప పక్కన నేల మీద కూర్చున్నారు. ఆయన మోకాళ్ళకి అది తేలిక కాదు. చెయ్యి బాక్సు మీద పెట్టారు, పాప చేతి పక్కన. మిల్లులో బేరింగు పోతంటే సెవికి తెల్దు, రైలింగ్ మీద సెయ్యేత్తే తెలిసేదని, అలాగ ఎన్నో బేరింగులు పట్టుకున్నానని, తనకి తనే చెప్పుకుంటున్నట్టు చెప్పారు. తర్వాత తలెత్తకుండా మా ఆయనతో అన్నారు.

"సోమవారం సెలవెట్టు. ఇద్దరి సెవులూ సూపించుకొద్దాం."

ఆ మాట విన్నాక నాకు ఊరట కలగాలి. కోపం వచ్చింది. నేను చెప్పినన్ని రోజులూ నమ్మని మనిషి, తన చెవే సాక్ష్యం చెప్పేసరికి నమ్మాడు. నా మాటకి విలువ లేదు, నా చదువుకి లేదు, నా కన్నీళ్ళకి అసలే లేదు. రికార్డు ఆపేసి స్నానాల గదిలోకి వెళ్ళి పంపు తిప్పుకుని ఏడ్చాను. మా ఇంట్లో పంపు తిప్పక్కర్లేదు నిజానికి, ఎవరికీ వినపడదు.

ఆస్పత్రిలో పరీక్షకి పాపని నిద్రపుచ్చి, నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించారు. అంతసేపూ నేను కంప్యూటర్ మీద గీతలు చూస్తూ నిలబడ్డాను. ఎక్కడ అల లేవాలో, ఎక్కడ లేవడం లేదో నాకు అర్థమవుతూనే ఉంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది. రెండు చెవుల్లోనూ లోపం, మంద్రమైన శబ్దాలు కొంత నయం, సన్నటివి బాగా తక్కువ. మిషన్లు పెడితే మాటలొస్తాయి, ముందే వస్తే ఇంకా బాగుండేది అన్నారు పరీక్ష చేసినావిడ. ముందే అన్న మాట నేను ఇంటిదాకా మోసుకొచ్చాను. మావయ్యగారి చెవులు చూసి ఏమన్నారో ఆయన ఎవరికీ చెప్పలేదు. రాత్రి భోజనాల ముందు బీరువా తీసి ఆ డబ్బా బయటపెట్టారు.

మిషన్లు పెడితే అంతా అయిపోతుందనుకున్నాను. మొదటి రోజు మిక్సీ వేస్తే పాప గుక్కపట్టి ఏడ్చింది. రెండో రోజు ఒకటి పీకి నోట్లో పెట్టుకుంది. మూడో రోజు రెండూ పీకి బియ్యం డబ్బాలో వేసింది, మేం సాయంత్రం దాకా వెతికాం. ఆస్పత్రిలో రోజంతా పెట్టి ఉంచాలన్నారు, మా ఇంట్లో పావుగంట నిలిస్తే గొప్ప. మావయ్యగారు పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నువ్వెట్టుకుంటే నానెట్టుకుంటాను అని బేరం పెట్టేవారు. ఇద్దరూ పెట్టుకునేవారు. నేను అటు తిరగగానే ఇద్దరూ తీసేసేవారు. ఒకసారి ఆయన చొక్కా జేబులో మూడు మిషన్లు దొరికాయి. అత్తయ్య నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను అరిచాను, ఇద్దరికీ వినపడేలా.

రికార్డు అన్ని వారాలూ వెయ్యలేదు. దాన్ని చూస్తేనే కోపం. నా పాటల్ని నేను పరీక్ష సామాను చేసేసుకున్నాను. ఇప్పుడు గాజు గ్లాసుల చప్పుడు వస్తే నాకు హాస్టల్ మంచం గుర్తురాదు, పాప వీపు గుర్తొస్తుంది. అట్ట వెనక నీలం సిరాతో రాసిన ఆ మనిషి ఏ అలసట తీర్చుకోవడానికి వినేవాడో. నాకు అది కూడా లేకుండా పోయింది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన అత్తయ్యనీ మావయ్యగారినీ గాజువాకలో చుట్టాలింటికి తీసుకెళ్ళారు. నేనూ పాపా ఇంట్లో. చర్చిలో ఏడుస్తుందని పొద్దున మిషన్లు పెట్టలేదు, ఇంటికొచ్చాక పెట్టాను. పీకలేదు, మూతల మీద ధ్యాస ఉంది. సరే, నా కోసం ఒక్కసారి విందామని రికార్డు తీశాను. తుడవలేదు, ఓపిక లేదు. వారాల ధూళి దాని మీద సన్నగా పేరుకుని ఉంది. బేస్ నాబ్ ఆ శనివారం తిప్పినట్టే ఎడమకే ఉండిపోయింది, అదీ గమనించలేదు. రెండో వైపు పెట్టి సూది దించాను.

మామూలుకంటే పెద్ద చిటపట. ఛీ, తుడవాల్సింది అనుకున్నాను.

మూతల చప్పుడు ఆగిపోయింది. పాప నాకు వీపు చేసే కూర్చుని ఉంది. అద్దాల బీరువాకి నేను కప్పిన దుప్పటి ఇంకా అలాగే ఉంది. గ్లాసుల స్వరాలు ఇంకా మొదలవలేదు. ఉన్నదల్లా ఆ ధూళి చిటపట, నేను ఇన్నేళ్ళూ తుడిచి తుడిచి విసుక్కున్న చప్పుడు. పాప తల నెమ్మదిగా తిరిగింది. బాక్సు వైపు కాదు, నా వైపు కాదు. పైకి చూసింది, ఫ్యాన్ వైపు, ఆ చప్పుడు ఎక్కడ నుంచి వస్తోందో తెలియక.

ఫోన్ వంటింట్లో ఉంది. తెచ్చుకోవడానికి లేవలేదు. లేస్తే నా చీర కదలిక చూసి తిరుగుతుంది, అప్పుడు నాకే నమ్మకం ఉండదు. అలాగే కూర్చున్నాను. వాళ్ళొచ్చాక చెప్పాలి, మళ్ళీ నమ్మరేమో, నమ్మకపోతే మళ్ళీ అరవాలి. ఆ మొదటి గ్లాసు చప్పుడు వచ్చేసరికి పాప చేతిలోకి ఒక మూత తీసుకుని నేల మీద సన్నగా ఒక్కసారి తట్టింది, తట్టి ఆగి విన్నది.